బ్రాందీ మెడపట్టీ

సవతి రెండు కాళ్ళదైతే వెర్నాకి ఇంత బాధ ఉండేది కాదు. ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అనేసి తేల్చుకునేది. నాలుగు కాళ్ళది అయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆపిల్ పండ్లు చెక్కుతూ, పెరట్లోకి చూస్తూ, లోపల్లోపల ఉడికిపోయేది.

పెరట్లో ఆమె మొగుడు హెక్టర్ కట్టెల మొద్దు మీద కూర్చుని జింకతో మాట్లాడుతూ ఉండేవాడు. మాట్లాడటమంటే ముద్దుగా రెండు మాటలనుకునేరు. నిన్న సముద్రం ఎలా ఉంది, మోకాలు ఎందుకు పట్టేసింది, వాంకూవర్ నగరం నుంచి వచ్చే ఫెర్రీ పడవ ఎందుకు ఆలస్యమైంది, అన్నీ చెప్పేవాడు. అది ఒక చెవి అటూ ఒక చెవి ఇటూ తిప్పుకుంటూ వినేది. అదే మనిషి ఇంట్లోకి వచ్చాక "ఊఁ", "సరే", "ఉప్పు" అనే మూడు మాటలతో సంసారం నడిపేసేవాడు.

దాని పేరు బ్రాందీ. ఒంటి రంగు అలాంటిది. రిటైరైన మగాళ్ళు బ్రాందీ పాలైపోతారని తను వినడమే గానీ ఇంత కళ్ళారా చూస్తాననుకోలేదని వెర్నా ఒకసారి ఊళ్ళోని ఇర్మా కొట్లో అంటే, అక్కడున్నవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. ఇంటికి నడిచి వచ్చే దారిలో ఏడ్చింది.

రెండు వేసవుల కిందట ఇర్మా కొట్టుకి సరుకు తెచ్చే ట్రక్కు కింద పడి ఒక తల్లి జింక చచ్చిపోయింది. పక్కనే పొదలో వణుకుతున్న పిల్లని హెక్టర్ తన కోటులో చుట్టుకుని తెచ్చాడు. సీసాతో పాలు పట్టాడు. అర్ధరాత్రి లేచి పాలు వెచ్చబెట్టాడు. సొంత కూతురు డోరిన్ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చినా అటు తిరిగి పడుకున్న మనిషే ఇతను. ఆ మాట వెర్నా పైకి అనలేదు. అంటే తను మంచిది కానట్టు అవుతుంది. అనకుండా మింగిన మాటలు మాత్రం ఎక్కడికి పోతాయి?

ఇద్దరిదీ ఒకప్పుడు ఒకటే పని. పడవలకి తెరచాపలు కుట్టేవాళ్ళు. ఇంటి వెనక పెద్ద షెడ్డులో, నున్నటి చెక్క నేల మీద హెక్టర్ మోకాళ్ళ మీద పాకుతూ గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించేవాడు. వెర్నా మిషను మీద కుట్టేది. ఆ చుట్టుపక్కల దీవుల్లో వాళ్ళ చాప లేని పడవ ఉండేది కాదు. ఆమె కుట్టడం అయ్యాక హెక్టర్ దాన్ని మడతపెట్టి ఆసామి చేతికి ఇచ్చేసేవాడు, ఎప్పుడూ తిప్పి చూసేవాడు కాదు. ఆసామి ఎవరైనా అంచు తిరగేసి చూడబోతే, "వెర్నా కుట్టింది చూడక్కర్లేదు" అనేవాడు. ముప్పై ఏళ్ళలో అతను ఆమె గురించి అన్న మంచి మాట అదొక్కటే. ఆ ఒక్కదానితోనే వెర్నాకి కడుపు నిండిపోయేది.

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున హెక్టర్ కత్తెర మేకుకి తగిలించి, "విసుగొచ్చింది. ఇక చాలు" అన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు. పని మీద విసుగా, తనతో పని చెయ్యడం మీద విసుగా అని వెర్నా అడగలేదు. అడిగితే రెండోది అంటాడేమోనని భయం. అప్పట్నుంచి ఆ పెద్ద షెడ్డులో ఒక్కతే కూర్చుని, పడవల మీద కప్పే గుడ్డలూ కుర్చీల దిండ్లూ కుట్టుకుంటోంది.

ఇదిలా ఉండగా జింకల గొడవ మొదలైంది.

వాళ్ళుండే టిల్లీ దీవిలో జింకలు మొదట్నుంచీ పుట్టినవి కావు. ఎప్పుడో ఒక డబ్బున్నాయన వేట సరదాకి పడవలో తెప్పించి వదిలాడు. ఆయన పోయాడు, ఆయన బంగళా కూలిపోయింది, జింకలు మాత్రం మనుషుల్ని మించిపోయాయి. అడవుల శాఖ వాళ్ళు వచ్చి, ఈ దీవి మీద ఒక్క జింక కూడా మిగలకుండా తీసేస్తామని, చలికాలం మొదట్లో తుపాకులతో గురిగాళ్ళని దింపుతామని చెప్పారు. సమావేశం ఊరి హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

చెప్పడానికి వచ్చిన పిల్ల పేరు నదీన్. మొక్కల చదువు చదివింది. అడవిలో ఒక చోట కంచె వేసి, పదేళ్ళు జింకల్ని రానివ్వకుండా ఉంచితే ఏమైందో తెర మీద బొమ్మలు చూపించింది. కంచె లోపల పూలు, మొలకలు, మోకాలెత్తు పచ్చదనం. కంచె బయట చీపురు పెట్టి ఊడ్చినట్టు నేల. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఆదివాసీ పెద్దాయన ఒకాయన లేచి, తమ నాయనమ్మ ఈ దీవికి దుంపలు తవ్వుకోవడానికి వచ్చే రోజుల్లో వసంతంలో ఈ ఒడ్డంతా నీలం పూలతో నిండి ఉండేదని, ఈ దీవి దుంప రుచి తను మాత్రం ఎన్నడూ ఎరగనని నెమ్మదిగా చెప్పి కూర్చున్నాడు. హాలు ఒక్క నిమిషం మెత్తబడింది.

అప్పుడు ఇర్మా లేచింది. ఇర్మా అంటే ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టుకీ, ఒక్క పోస్టాఫీసుకీ యజమానురాలు. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు.

"చూడండమ్మా నదీన్, మీ పూల బొమ్మలు బాగున్నాయి. కానీ మా పిల్లలు పొద్దున లేచి కిటికీ తీస్తే కనబడేది పూలు కాదు, జింకలు. వాటిని మా కళ్ళ ముందే కాల్చి చంపుతాం, మీరు ఇంట్లో కూర్చుని టీ తాగండి అంటే, తాగుతామా?"

తాగం అని హాలంతా అరిచింది. హెక్టర్ కూడా అరిచాడు. అతను నలుగురిలో నోరెత్తడం వెర్నా చూడటం అదే మొదలు. ఆమె ఒక్కతే అరవలేదు. ఆ పిల్ల చెప్పిందే నిజం అనిపించింది ఆమెకి. అయినా ఉన్న మాట చెప్పుకోవాలి, అది పూల మీద ప్రేమ కాదు. ఒక్క జింక కూడా మిగలకుండా అని నదీన్ అన్నప్పుడు వెర్నా మనసులో మెదిలింది ఒకే ఒక్క జింక. అది లేని పెరడు, ఖాళీ కట్టెల మొద్దు, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక వంటింట్లోకి వచ్చి తన ఎదురుగా కూర్చునే మొగుడు. ఆ ఊహకి ఆమె ఒళ్ళు వెచ్చబడింది. మరుక్షణం సిగ్గేసింది. అయినా ఊహ పోలేదు.

ఖర్మ చూడండి, ఉద్యమానికి కావలసిన కుట్టుపనంతా ఆమె నెత్తినే పడింది. దీవిలో పెద్ద మిషను ఆమెదే మరి. "మా జింకల జోలికి రావద్దు" అని తెరచాప గుడ్డ మీద బారెడు అక్షరాలు కత్తిరించి కుట్టింది. ఇర్మా వచ్చి చూసి, నీ మనసంతా ఇందులోనే ఉందే అని మెచ్చుకుని వెళ్ళింది.

వాంకూవర్ నుంచి పత్రికల వాళ్ళు వచ్చారు. ఇర్మా వాళ్ళని తిన్నగా హెక్టర్ పెరట్లోకి తీసుకొచ్చింది. చేతిలో పెరిగిన జింక, తెల్లగడ్డం ముసలాయన. ఇంతకంటే వాళ్ళకి ఏం కావాలి? వెర్నా తల దువ్వుకుని, మంచి స్వెట్టరు వేసుకుని వచ్చి మొగుడి పక్కన నిలబడింది. కెమెరా కుర్రాడు కెమెరాలోంచి చూసి, "అమ్మా, మీరు కొంచెం పక్కకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే ఉండండి" అన్నాడు. అక్కడ అంటే బొమ్మలో పడని చోటు. హెక్టర్ బ్రాందీ మెడ చుట్టూ చెయ్యేసి నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఇంట్లో గోడకి తగిలించిన వాళ్ళ పెళ్ళిఫొటోలో పన్నునొప్పి వచ్చినవాడిలా ఉంటాడు ఆ పెద్దమనిషి.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. ఇర్మా దాన్ని పెద్దది చేయించి కొట్టు తలుపుకి అంటించింది. పాలకి వెళ్ళినా ఉత్తరానికి వెళ్ళినా ఆ ఇద్దరూ వెర్నాకి ఎదురొచ్చేవాళ్ళు.

టిల్లీలో ఒక పద్ధతి ఉంది. పాలు పట్టి పెంచిన జింక మెడకి నారింజ రంగు పట్టీ కడతారు. అడవిలోంచి తొంగి చూస్తే కంటికి కొట్టొచ్చే రంగు. ఆకురాలు కాలంలో వేటకి వెళ్ళినవాళ్ళు పట్టీ ఉన్నదాన్ని ముట్టుకోరు. ఎవడైనా పొరపాటున కాల్చాడంటే వాడికి ఆ ఏడాదంతా ఇర్మా కొట్లో కాఫీ పుట్టదు. రెండో సమావేశంలో గోల మరీ ఎక్కువైపోయేసరికి, శాఖ వాళ్ళు ఒక మెట్టు దిగి, పట్టీ ఉన్న జింకల్ని తమ గురిగాళ్ళు కూడా వదిలేస్తారని ఒప్పుకున్నారు. ఊరంతా కలిపి అరడజను పెంపుడు జింకలు ఉంటాయేమో అనుకున్నారు పాపం. ఇర్మా వాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసి పంపించింది. పడవ మలుపు తిరిగేదాకా ఆగి, జనం వైపు తిరిగింది.

"విన్నారుగా. పట్టీ ఉంటే చాలు. ఎన్నిటికి అని వాళ్ళు చెప్పలేదు, మనం అడగలేదు. వెర్నా, ఎన్ని కుట్టగలవు నువ్వు?"

అలా వెర్నా షెడ్డులో నారింజ గుట్ట లేచింది. జానెడు వెడల్పు గుడ్డ, మడత, ఒక కొసన మెడకి బిగించే కట్టు. ఆ కట్టుని పట్టీకి పట్టించే కుట్టే ప్రాణం. మైనం పూసిన లావు దారంతో రెండు వరసలు వేస్తే ఏనుగు లాగినా రాదు. ఊరు ఊరంతా ఆపిల్ పండ్లు పట్టుకుని అడవిలో పడింది. పట్టీలు కట్టబోయి తన్నులు తిన్నవాళ్ళు కొందరు, బురదలో పడ్డవాళ్ళు కొందరు. ఇర్మా మొగుడు ఒక మగజింక కొమ్ముకి మాత్రమే తగిలించగలిగాడు. అది ఆ అలంకారంతో పెళ్ళికొడుకులా ఊరంతా తిరిగింది. నవ్వుకున్నారు, కొట్టుకున్నారు, మళ్ళీ కలిసిపోయారు. ఆ దీవి అంత సంతోషంగా ఉండటం వెర్నా ఎప్పుడూ చూడలేదు. ఆ సంతోషమంతా తన చేతిలోంచే వెళ్తున్నా తనకి ఒక్క ముక్క కూడా అంటలేదు.

బ్రాందీ చిన్నప్పుడు కట్టిన పాత పట్టీ బిగుతైపోయింది. "దానికి కొత్తది కావాలి" అన్నాడు హెక్టర్ ఒక మధ్యాహ్నం, షెడ్డు గుమ్మంలో నిలబడి. ఆమె కోసం ఆ గుమ్మంలోకి వచ్చి నాలుగేళ్ళైంది. ఇప్పుడు వచ్చింది కూడా దాని కోసం. "రెండు వరసలు వెయ్యి."

"నాకు నేర్పుతున్నావా?" అంది వెర్నా.

"ఊఁ" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. పేర్చిన కట్టెల అవతల హెక్టర్ గొంతు వినబడింది. రోజూ వినబడేదే. తిరిగి వచ్చేసేదే గానీ తన పేరు చెవిన పడింది.

"...వెర్నాకి చెప్పలేదు. సుద్దగీత గీస్తుంటే చెయ్యి వణికింది. ఇంకోసారి గీశాను, మళ్ళీ వణికింది. మంచి గుడ్డ, వంకరగా తెగింది. దాచేశాను. ఎలా చెప్పమంటావు? విసుగొచ్చిందని చెప్పేశాను. నీకు నవ్వులాటగా ఉంది కదూ?"

జింక ఏమందో తెలీదు. హెక్టర్ మెల్లగా నవ్వాడు.

వెర్నా కట్టెలు తీసుకోకుండానే లోపలికి వచ్చేసింది. నాలుగేళ్ళు. తన మీద విసుగేమోనని నాలుగేళ్ళు నలిగింది. ఆ ఒక్క మాట తనతో చెబితే అతని వణికే చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని కూర్చునేది కాదా? గుడ్డ తను కత్తిరించేది కాదా? జాలి పడాల్సిన చోట జాలి రాలేదు, మంట వచ్చింది. భార్యకి దాచిన మాట, గడ్డి తినేదానికి చెప్పాడు. అది వింది. తనకంటే ముందు వింది. దాని కళ్ళు కాటుక పెట్టినట్టు ఉంటాయని ఊరంతా మురిసిపోతారు. ఆ కళ్ళకి తెలిసిన సంగతి తనకి తెలీదు.

ఆమె షెడ్డులోకి వెళ్ళి దీపం వేసి, బ్రాందీ పట్టీ తీసింది. మైనపు దారం కండె పక్కకి పెట్టింది. కుర్చీ గలేబులకి వాడే సన్న నూలు దారం సూదిలోకి ఎక్కించింది. కట్టు దగ్గర చేత్తో కచ్చాకుట్టు వేసింది, దర్జీలు కొలత చూసుకోవడానికి వేసి తర్వాత పీకేసే కుట్టు. దాని మీద మడత నొక్కి సాపు చేసింది. చూడటానికి లక్షణంగా ఉంది. పెరట్లో మేస్తుంటే ఉంటుంది. ముళ్ళకంపల్లో దూరిందా, ఊడిపోతుంది. అది రోజూ ముళ్ళకంపల్లో దూరుతుంది.

చంపాలనుకుందా అంటే, లేదని ఒట్టు వెయ్యగలదు. బతకాలనుకుందా అంటే, ఆ ఒట్టూ వెయ్యలేదు.

పొద్దున పట్టీ హెక్టర్ చేతికి ఇచ్చింది. ఒక్కసారి తిప్పి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళు గుడ్డతో బతికినవాడు. తిప్పి చూడు, చూడు అని లోపల్నుంచి ఏదో అరుస్తూనే ఉంది. హెక్టర్ చూడలేదు. తిన్నగా వెళ్ళి జింక మెడకి కట్టేశాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో వెర్నాకే తెలీదు. కిటికీలోంచి చూసినప్పుడల్లా నారింజ రంగు కనబడితే గుండె తేలికపడేది, వెంటనే మండేది. సాయంత్రం ఆ మొద్దు మీద హెక్టర్ కూర్చోగానే ఈసారి ఏ రహస్యం చెబుతున్నాడో అనిపించేది. కుట్టు మార్చేద్దామని రెండుసార్లు మైనపు దారం జేబులో వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. రెండుసార్లూ అతని చెయ్యి దాని మెడ మీద ఉంది. తిరిగి వచ్చేసింది.

గురిగాళ్ళు దిగే పొద్దున సముద్రమంతా మంచు పట్టి ఉంది. ఉత్తరం వైపు అడవిలోకి ఎవరూ వెళ్ళకూడదని, ఇళ్ళ దగ్గరే ఉండాలని శాఖ వాళ్ళు ముందే చెప్పారు. ఊరు వినే స్థితిలో లేదు. అందరూ రేవు దగ్గర చేరి, వెర్నా కుట్టిన ఆ బారెడు అక్షరాలు పట్టుకుని నిలబడాలని ఇర్మా ఆజ్ఞ. ముందు వరసలో హెక్టర్. బయల్దేరేముందు అతను పెరట్లోకి వెళ్ళి చాలాసేపు పిలిచాడు. బ్రాందీ రాలేదు. మొహం వాడిపోయి లోపలికి వచ్చాడు.

"ఎక్కడో మేస్తోంది" అంది వెర్నా.

"ఊఁ." గుమ్మం దాటబోతూ ఆగాడు. "పర్లేదులే. పట్టీ ఉందిగా. నువ్వు కుట్టిందేగా."

నాలుగేళ్ళ తర్వాత విన్నది ఆ మాట. అది ఇలా వినాల్సి వచ్చింది. వెర్నా తలనొప్పిగా ఉందని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది.

రేవు వైపు నుంచి జనం కేకలు మంచులోంచి లీలగా వస్తున్నాయి. తర్వాత హెలికాప్టరు చప్పుడు. తర్వాత, కొండ అవతల, తలుపు దబ్బుమని వేసినట్టు ఒక్క దెబ్బ. ఇంకొకటి. వెర్నా చేతిలోని ఆపిల్ పండు నేల మీద పడింది. అది ఎత్తడానికి వంగి లేచేసరికి వెనక తలుపు అద్దంలో బ్రాందీ మొహం ఉంది. ఒళ్ళంతా తడి, చెవులు వెనక్కి, డొక్కలు ఎగిరిపడుతున్నాయి.

మెడ బోసిగా ఉంది.

వెర్నా కదల్లేదు. తను తలుపు తియ్యకపోతే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఇంకొక దెబ్బ పేలితే బెదిరి అదే అడవిలోకి పరిగెడుతుంది, ఆ తర్వాత సంగతి వాళ్ళు చూసుకుంటారు. సాయంత్రానికి కట్టెల మొద్దు ఖాళీ. కోరుకున్నది ఇదేగా?

కానీ అద్దంలోంచి ఆ కాటుక కళ్ళ వైపు చూస్తుంటే ఆమెకి ఆ తర్వాతి రోజులు కూడా కనబడ్డాయి. ఖాళీ మొద్దు మీదే హెక్టర్ కూర్చుంటాడు. వంటింట్లోకి రాడు. లేనిదానితో మాట్లాడతాడు. ఇర్మా తలుపు మీది ఫొటో ఎప్పటికీ దిగదు. అది ముసలిదవదు, దాని రంగు మాయదు, మొక్కలు పాడుచెయ్యదు, రోజు రోజుకీ మంచిదైపోతుంది. ఎదురుగా బతికున్న సవతితోనే గెలవలేకపోయింది తను. చచ్చిపోయినదాంతో ఏం గెలుస్తుంది?

వెర్నా తలుపు తీసింది. దయతో తియ్యలేదు. ఒళ్ళు మండి తీసింది.

"రావే మహాతల్లీ" అంది. ఆపిల్ తొక్కలు చూపిస్తూ దాన్ని షెడ్డులోకి నడిపించి, తలుపు గడియ పెట్టింది. మిషను ముందు కూర్చుని నారింజ గుడ్డ తీసింది. ఈసారి మైనపు దారమే. బ్రాందీ మిషను చప్పుడుకి బెదరలేదు. దగ్గరికి వచ్చి ఆమె తొడకి తల ఆనించి నిలబడింది. వెచ్చగా ఉంది, వణుకుతోంది. దాన్ని అంత దగ్గరగా వెర్నా ఎప్పుడూ రానివ్వలేదు.

ఒక వరస అయ్యాక ఆమె ఆగింది.

"నా గురించి ఏమైనా అంటాడా ఎప్పుడైనా?" అని అడిగింది.

బ్రాందీ ఒక చెవి ఇటు తిప్పింది. తొక్క నమిలింది.

"చెప్పవులే. ఇద్దరూ ఇద్దరే" అని వెర్నా రెండో వరస వేసింది. కొత్త పట్టీ దాని మెడకి కట్టి కట్టు బిగించింది. ఇక ఎవరికీ తెలియదు. పాతది ఏ ముళ్ళకంపలోనో కుళ్ళిపోతుంది. ఇది చూస్తే అదే అనుకుంటారు. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది.

మధ్యాహ్నం దాటాక షెడ్డు తలుపు తోసుకుని హెక్టర్ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చేతుల మీద, మొహం మీద ముళ్ళు గీసుకున్న ఎర్రటి చారలు. మొదటి దెబ్బ పేలగానే రేవు దగ్గర నిలబడలేక అడవి దారిన ఇంటికి బయల్దేరాడట. దారంతా పిలుచుకుంటూ, పొద్దుటి నుంచి ఇప్పటిదాకా వెతుకుతూనే ఉన్నాడట. అదంతా అతను చెప్పింది ఆమెకి కాదు. మోకాళ్ళ మీద కూలబడి, బ్రాందీ మెడ వాటేసుకుని దాని చెవిలో చెప్పాడు. వెర్నా మిషను దగ్గర నిలబడి వింది. ముసలాయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రాణం నిలబెట్టింది తను, వాటేసుకున్నది దాన్ని. ఆ క్షణంలో కూడా ఆమెకి అసూయే కలిగింది.

అప్పుడు చూసింది, అతని కుడిచేతిలో నారింజ గుడ్డ.

హెక్టర్ లేచి దాన్ని మిషను బల్ల మీద పెట్టాడు. పాత పట్టీ. కట్టు ఊడిపోయి ఉంది. కొసన సన్న నూలు దారం రెండు అంగుళాలు వేలాడుతోంది.

"ముళ్ళకంప మీద ఉంది" అన్నాడు.

వెర్నా నోట్లో అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. వానకి దారం నానిందని, పని తొందరలో ఏదో చేతికొచ్చిందని. అతను ఏమీ అడగలేదు. అడగని దానికి ఏం చెబుతుంది? హెక్టర్ చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. బ్రాందీ మెడ మీది కొత్త పట్టీని తిప్పి, కుట్టు ఉన్న చోట పట్టుకున్నాడు. వణికే బొటనవేలితో మొదటి వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. రెండో వరస తడిమాడు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాడు. అది రాలేదు. మళ్ళీ లాగాడు.

వెర్నా కుట్టిన కుట్టుని హెక్టర్ చూడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఇర్మా వాళ్ళకి ఇచ్చినవి కూడా చూడాలా?" అని అడిగాడు. కోపంగా కాదు. పొయ్యిలోకి కట్టెలు సరిపోతాయా అని అడిగినట్టు అడిగాడు.

చూడాలి, ఆ దారమే పాడైపోయినట్టుంది అంటే సరిపోయేది. తను బయటపడేది. ఊరంతా పట్టీలు తిరిగి తెచ్చి ఇచ్చేది, ఆమె మళ్ళీ కుట్టేది, ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గోడ వారన ముప్పై ఏళ్ళ గుడ్డ ముక్కలున్నాయి, మేకుకి అతని కత్తెర ఉంది, ఈ గుమ్మంలో నిలబడి ఎంతమందికో అతను చెప్పిన ఒకే ఒక్క మాట ఉంది. తన కుట్టు చెడ్డదని తన నోటితో చెప్పలేకపోయింది.

"అక్కర్లేదు" అంది వెర్నా. "అదొక్కటే."

హెక్టర్ తలూపాడు. కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకోవడానికి ఆ చేతులకి చాలాసేపు పట్టింది. వెర్నా సాయం చెయ్యబోయి, ఆగిపోయింది.